గరుడుని రెక్కపై గోరంత ముద్ర

1999వ సంవత్సరము మే 21వ తేదీన కార్గిల్ ప్రాంతమున బటాలిక్ శిఖరములమీదుగా ఛాయాచిత్రములు తీయుటకై ఏగిన కాన్బెర్రా విమానమొకటి, కుడిప్రక్క ఇంజనునకు క్షిపణి తగిలి దెబ్బతిన్నను, మిగిలిన ఒక్క ఇంజనుతోడనే శ్రీనగరము చేరి క్షేమముగ నేలకు దిగినది. అందున్న పెరుమాళ్, ఝా అను ఇరువురు వైమానికాధికారుల వెంట తుపాకి లేదు, బాంబు లేదు. ఉన్నవి కెమెరాలు, ఆ కెమెరాలలోని చిత్రములును. చూచిరమ్మని పంపిన కార్యము చూచివచ్చుటయే అయి, ఎదిరి కొట్టినను తిరిగి కొట్టు సాధనము లేక, ఒంటరిగా పోయి ఒంటరిగా మరలివచ్చు ఈ నిఘా జెట్ విమానముల చరిత్ర మన దేశమున అర్ధశతాబ్దమునకు చేరువయైనది; అయినను ఆ విమానములను కన్నులార చూచిన పౌరులెందరని విచారించినచో వ్రేళ్లపై లెక్కింపదగినంత మంది మాత్రమే దొరకుదురు. అవి ఎగిరిన ఎత్తులు మానవదృష్టికి అందనివి. అవి వసించిన స్థావరములు సామాన్యునకు ప్రవేశములేనివి.

అట్టి విమానమెట్లుండెనో, దాని ప్రక్కపై ఏ అక్షరము, తోకపై ఏ చారలు, ముక్కుచెంత ఏ దళముయొక్క చిహ్నము ధరించెనో రాబోవు తరమునకు తెలుపు భారమును ప్రదర్శనశాలలు కొంత మోయుచున్నవి. తక్కిన భారము, ఎవరును అప్పగింపకున్నను, ఇంటి బల్లమీద ప్లాస్టిక్ ముక్కలు పరచుకొని 72లో ఒక వంతు కొలతతో విమానమును నిర్మించు అభిరుచిగలవారి పాలబడినది. రెక్కల వంపును తోక ఎత్తును పెట్టెలోనే అచ్చుపోసి ఇత్తురు. రంగులు సీసాలలో దొరకును. కాని ఇది ఫలానా దేశపు, ఫలానా దళపు, ఫలానా సంఖ్యగల విమానమని చెప్పగల శక్తి నీటిలో నానవేసిన కాగితమునుండి జారివచ్చు ఒక పలుచని పొరకు మాత్రమే కలదు. దానినే డెకాల్ అందురు. అల్పమైన పనిగా కనబడు ఈ డెకాలును తప్పులేకుండ అంటించుట, పేరులేక పనిచేసిన ఆ వైమానికులకు మనము చెల్లింపవలసిన ఋణములో ఒక భాగమని నా దృఢవిశ్వాసము.

బళ్లారి జిల్లా సండూరు తాలూకాయందలి చోరనూరులో కూర్చుండి జెట్ విమానముల ముద్రలనుగూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోపవచ్చును. తెలుగును కన్నడమును ఒకే వాకిట వినబడు ఈ సీమలో విమానము కంటె ఇనుపఖనిజము మోయు లారీ సుపరిచితము. అయినను మాకు దక్షిణముగ, పొరుగున ఉన్న చిత్రదుర్గ జిల్లా చళ్లకెరె బయళ్లలో రక్షణ పరిశోధనాసంస్థవారి వైమానిక పరీక్షాక్షేత్రము 2017లో ప్రారంభమైన నాటినుండి, మనుష్యుడు ఎక్కని నిఘా విమానములు మా దిక్కు ఆకాశమునకు చుట్టములైనవి. అది యొక కారణము. ఈ పనికి మా నేలయు మా నీరును తెచ్చిపెట్టు చిక్కులు మరియొక కారణము. వానిని ముందు ముందు చెప్పెదను.

డెకాల్ అనగా గమ్ముపూసిన స్టిక్కరు కాదని మొదటనే తెలిసికొనవలెను. నీటిలో కరగు జిగురుపూత గల కాగితముపై పలుచని వార్నిషు పొరను పరచి, ఆ పొరమీద రంగులు అచ్చువేయుదురు. గోరువెచ్చని నీటిలో కొన్ని క్షణములు ముంచి తీసి తడిగుడ్డపై ఉంచినచో, కాగితమునకును పొరకును నడుమనున్న జిగురు కరిగి, బొమ్మ తనంత తాను కదలుటకు సిద్ధమగును. ఈ విద్య నేటిది కాదు. 18వ శతాబ్దమునందే ఇంగ్లండు దేశమున పింగాణీ పాత్రలపై కాగితమునుండి బొమ్మలను దింపు పద్ధతి వాడుకకు వచ్చినది; తరువాత సింగర్ కుట్టుమిషనుల నల్లని ఒంటిమీద బంగారువన్నె స్ఫింక్స్ బొమ్మలును, సైకిళ్ల గొట్టములపై తయారీదారుల పేర్లును ఈ జాతి ముద్రలతోడనే వెలసినవి. మన పల్లెలలో దర్జీ అరుగుమీద మూడు తరములు నిలిచిన కుట్టుమిషనుపై లతలు అరిగిపోయి సగము మిగిలియుండుట చూడనివారుండరు. ఆ లతలు, మిగ్ విమానపు రెక్కపై వాయుసేన గుర్తగు వలయము, ఒకే విద్యకు పుట్టిన సంతానము.

ఇక విమానముల మాట. 1957 జనవరిలో భారతదేశము బ్రిటనునుండి కాన్బెర్రాలను కొనుటకు ఒడంబడిక చేసికొన్నప్పుడు, 54 బాంబరులతోపాటు 8 ఛాయాచిత్ర నిఘా విమానములను గూడ కోరినది. వానికి పి.ఆర్.57 అని పేరు. 106వ దళమునకు అవి కన్నులైనవి. ఈ దళపు చిహ్నము లింక్స్ అను అడవిపిల్లి, చీకటిలో సైతము చూడగలదని పేరుపొందిన మృగము. 1959 ఏప్రిల్ 10వ తేదీన రావల్పిండి గగనమున పాకిస్తాను సేబర్ జెట్ ఒకటి ఇట్టి కాన్బెర్రాను కూల్చగా, అందలి ఇరువురును ప్రాణములతో బయటపడిరి. జగ్‌మోహన్ నాథ్ అను కాన్బెర్రా చోదకుడు 1960 తరువాతి సంవత్సరములలో అక్సాయ్‌చిన్, టిబెట్టు మీదుగా ఎగిరి చైనా సైన్యపు కదలికలను చిత్రములలో బంధించి తెచ్చెను. 1965లో పాకిస్తాను లోతట్టు ప్రాంతములమీద ఎగిరెను. ఆయనకు రెండుమారులు మహావీరచక్రము లభించినది. సైన్యము కదలకమునుపే ఒక్కడు తెచ్చిన ఛాయాచిత్రము ఎన్ని ప్రాణములను కాచునో లెక్కవేయుటకు వీలులేదు గనుక, ఆ లెక్క ఎవరి స్మారకశిలపైనను కనబడదు. 2007 మే 11వ తేదీన ఆగ్రాలో కాన్బెర్రాలు సెలవు పుచ్చుకొన్నవి. అర్ధశతాబ్దము ఒకే జాతి విమానము ఒకే దేశమును సేవించుట సామాన్యము కాదు.

కాన్బెర్రా కంటె పైయెత్తున, అంతకంటె మిక్కిలి వేగమున పోగలది మిగ్-25. సోవియట్ దేశమునుండి 1981లో వచ్చిన ఈ విమానములకు మన వాయుసేన గరుడ అను నామమిచ్చి బరేలీలోని 102వ దళమున చేర్చినది; ఆ దళము ట్రైసోనిక్స్ అని ప్రసిద్ధము. శబ్దమునకు రెండున్నర రెట్లకు మించిన వేగము, 20 కిలోమీటర్లకు పైబడిన ఎత్తు దీని స్వభావము. 1997 మేలో ఇస్లామాబాదు నగరముపై ఒక మహాధ్వని పుట్టినపుడు అది ఈ గరుడుని రెక్కచప్పుడేయని పత్రికలు వ్రాసినవి. 2006 మే 1వ తేదీన దీనికి విశ్రాంతి లభించినది. ఇరువది యైదేండ్లు దేశపు ఆకాశమున తిరిగిన ఈ విమానమును నమూనాగా చేయబూనినవానికి ఎదురగు మొదటి కష్టము డెకాలులనుగూర్చియే. జపాను దేశపు హసెగావా సంస్థయు, ఉక్రెయిను దేశపు ఐసీఎమ్ సంస్థయు మిగ్-25 పెట్టెలను తయారుచేసినవి. కాని సాధారణముగ ఆ పెట్టెలు తెరచినచో మొదట కనబడునది సోవియట్ ఎర్రనక్షత్రము. త్రివర్ణ వలయములు ప్రత్యేకముగ వెదకి కొనవలెను, లేదా మనమే అచ్చు వేయించుకొనవలెను.

కాన్బెర్రా విషయమున కష్టము రెండింతలు. ఎయిర్‌ఫిక్స్ వంటి సంస్థలు ఈ విమానపు భిన్నరూపములకు పెట్టెలు విడుదల చేసినవి గాని, పి.ఆర్.9 అను చివరి బ్రిటిష్ నిఘారూపము కొని భారతీయముద్రలు అంటించినచో అది అసత్యమగును. పి.ఆర్.9లో చోదకుని గాజుకప్పు ఎడమకు జరిగియుండును, మన పి.ఆర్.57నకు ఆధారమైన పి.ఆర్.7లో గుండ్రని బుడగవంటి కప్పు నడుమనుండును. కప్పు తప్పినచో ఎంత చక్కని వలయమైనను ఆ దోషమును కప్పలేదు. కాబట్టి ముద్ర ఎంత నిజమైనను, దాని కింది దేహము నిజము కానిచో ఫలితము శూన్యము.

నిఘా విమానముల ముద్రలు సత్యమునే గాక అసత్యమును గూడ వహించిన కాలము గలదు. 1960 మే 1వ తేదీన సోవియట్ గగనమున స్వెర్ద్‌లోవ్‌స్క్ చెంత అమెరికా యూ-2 విమానము కూలినప్పుడు, అది వాతావరణ పరిశోధనకై పోయినదని అమెరికా ప్రకటించి, ఆ మాటకు రుజువుగా మే 6న మరియొక యూ-2 తోకపై నాసా పేరును, లేని సంఖ్యనొకదానిని వ్రాయించి పత్రికలవారికి చూపినది. మరునాడే చోదకుడు గారీ పవర్స్ సజీవుడై తమ చేతిలోనున్నాడని సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ వెల్లడించెను. ఒక తోకమీది రంగుపట్టె ఒక మహారాజ్యపు గౌరవమును ఇరువదినాలుగు గంటలు కూడ మోయలేకపోయినది. ఆనాటి నాసా ముద్రగల యూ-2ను నిర్మించువారు నేటికిని కలరు. వారు ఆ కల్పిత సంఖ్యను తప్పక అంటింతురు. అంటింపవలెను గూడ, ఏలయన ఆ రోజున ఆ విమానము ధరించినది అదియే. ముద్రను యథాతథముగ నిలుపుట ఒక పని. ముద్ర చెప్పిన కథను నమ్ముట వేరొక పని.

ఈ యూ-2లు మనకును పూర్తిగా పరాయివి కావు. 1962 చైనా యుద్ధము తరువాత నెహ్రూ అనుమతితో ఒడిశాలో కటకముచెంత చారబాటియా స్థావరమునుండి 1964 మేలో ఒక యూ-2 ఎగిరినదను సంగతి 2013లో బహిర్గతమైన అమెరికా గూఢచారిసంస్థ పత్రములవలన లోకమునకు తెలిసినది. శ్రీకాకుళమునుండి కటకము ఎంత దూరము? మన పొరుగునేలనుండి అట్టి విమానము లేచినదని తెలిసికొనుటకు అర్ధశతాబ్దము పట్టినది.

యుద్ధకాలమున నిఘా విమానపు ముద్రలు వినిపించునంత గట్టిగా మాటలాడరాదు. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిష్ వారు తమ ఛాయాచిత్ర స్పిట్‌ఫైరులకు ఆకాశపు నీలిని, ఉషస్సంధ్యలలో తక్కువ ఎత్తున ఎగురువానికి లేతగులాబిని పూసి, వలయములోని తెలుపు దూరమునుండి మెరయునను భయముతో దానిని తొలగించి ఎరుపు నీలములను మాత్రమే మిగిల్చిరి. మన త్రివర్ణ వలయమున వెలుపల కాషాయము, నడుమ తెలుపు, లోన ఆకుపచ్చ. 1950 నాటినుండి ఇది మన వాయుసేనకు గుర్తు. ఇంటిలోని ఇంక్‌జెట్ యంత్రము తెల్లసిరాను ముద్రింపలేదు. పారదర్శకమైన పొరమీద అచ్చువేసినచో తెల్లవలయమునకు బదులు బూడిదరంగు విమానపు ఒడలే అందుండి కనబడును. కాషాయము సైతము వెనుక రంగును పీల్చుకొని మురికిబారును. కాబట్టి ముందుగ తెల్లని వట్టి వృత్తమొకటి అంటించి, దానిపై రంగుల వృత్తములను కేంద్రము తప్పకుండ చేర్పవలెను. జుట్టువెంట్రుకంత జరిగినను కంటికి పట్టుబడును. వలయమున్న విమానమున మొట్టమొదట కన్ను పోవునది అచ్చటికే.

తోకపైని చారల విషయమున మరింత జాగ్రత్త కావలెను. ఎడమవైపున ఏ రంగు ముక్కుదెసకు ఉన్నదో, కుడివైపునను అదియే ముందుండునో లేదో ఛాయాచిత్రము చూచియే నిర్ణయింపవలెను. ఊహించి అంటించువారు పాతిక భాగములు సరిగాచేసి ఒక్క చారలో చెడగొట్టుకొందురు. పి.ఆర్.57ల వరుససంఖ్యలు ఐ.పి. అక్షరములతోను, మిగ్-25లవి కె.పి. అక్షరములతోను మొదలగును. ఈ రెండక్షరముల వెనుక ఒక చోదకుని జీవితములో ఎన్ని గంటలు దాగియున్నవో ఆలోచించినచో, అంకె వంకరగా అంటించుటకు చేయి రాదు.

చిన్నవానిలో అతిచిన్నవి స్టెన్సిలులు. అపాయమును తెలుపు త్రికోణములు, కాలు మోపరాదను గుర్తులు, ఇంధనము పోయు మూతల చెంతనున్న మాటలు. అసలు విమానముమీద అంగుళము ఎత్తున్న అక్షరము 72లో ఒక వంతున 0.35 మిల్లీమీటరు. భూతద్దములేక చదువుటకే వీలుగాని ఆ అక్షరములను పట్టుకారుతో పట్టి, తలక్రిందులు కాకుండ తగిన చోట ఉంచుట ఒక సాయంకాలమంతయు తీసికొనును. పొర దళసరి గూడ చూడవలెను: 0.02 మిల్లీమీటరు దళసరిగల పొరను 72తో హెచ్చించినచో దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు. అనగా విమానపు తోలుపై ఒకటిన్నర మిల్లీమీటరు దళసరి రేకు అతికించినట్లు. ముద్రించినచోటికి ఆనుకొని పొరను కత్తిరించుట అందులకే.

ఇప్పుడు మా నేల, మా నీరు. దోణిమలై గనులు, వాని చుట్టుపట్ల వెలసిన తక్కిన గనులు లేపు ఎర్రని ధూళి చోరనూరు కిటికీలనుండి ఏ ఋతువునందైనను లోనికి రాగలదు. తడిపొర క్రింద ఈ ఇనుపధూళి కణమొకటి చిక్కినచో అది ఎండినపిదప మొటిమవలె పొడుచుకొనివచ్చును. తీయబోయినచో పొర చినుగును. మేము వానకాలపు మొదటి జల్లు పడిన మరునాటి ఉదయమున, గాలి కడుగబడి, లారీల రాకపోకలు తక్కువగనుండు వేళ డెకాలులు అంటించుటకు కూర్చుందుము. నీటి విషయము వేరు. బోరుబావి నీటిలోని లవణములు ఎండినపిదప తెల్లని మచ్చలుగా నిలిచి, బూడిదరంగు రెక్కను బూజుపట్టినట్లు చూపును. కాచి చల్లార్చినను లవణములు పోవు. ఆవిరిచేసి పట్టిన నీరు, అనగా బ్యాటరీలలో పోయు డిస్టిల్డ్ వాటరు, మందుల దుకాణమునుండియో వాహనముల దుకాణమునుండియో తెచ్చి వాడుట ఒక్కటే మార్గము. మిగిలినది ఎండ. ఇది శత్రువును మిత్రుడును గూడ. వేసవిలో పొర జారకమునుపే అంచులు ఎండిపోవును. అందుచే తడిగుడ్డను ప్రక్కన ఉంచుకొని తరచుగ ఒత్తవలెను. కాని పెట్టెలో ఏండ్లతరబడి పడియుండి పసుపుబారిన పాత డెకాలుకాగితమును కిటికీ గాజునకు అంటించి మా ఎండలో కొన్నాళ్లుంచినచో పసుపు తగ్గి పొర మరల తెల్లబడును. ఇది నమూనాకారులందరకు తెలిసిన చిట్కాయే. మా సీమలో త్వరగా ఫలించునంతే.

అంటించు విధమును కూడ చెప్పెదను, ఏలయన నేర్చుకొనగోరు బాలురు ఈ పత్రికను చదువుదురు. రంగు మెరుపులేక యున్నచో దాని గరుకుతనమున గాలి చిక్కి పొరక్రింద వెండివన్నె మెరుపు కనబడును. దీనినే సిల్వరింగ్ అందురు. కాబట్టి మొదట మెరుపు వార్నిషు పూసి, బాగుగ ఆరనిచ్చి, ఆపై డెకాలు అంటింపవలెను. వెనిగరు ఆమ్లము కలిసిన సెట్టింగ్ ద్రవమును ముందు రాసి, పొరను కుంచెతో జార్చి, స్థానమున నిలిపి, దూదిపుల్లతో నీటిని నడుమనుండి అంచులకు తోయవలెను. అటుపై మెత్తబరచు ద్రవమును తాకించిన కొన్ని నిమిషములకు పొర ముడుతలు పడి చూచువానికి గుండె జారును. అప్పుడు తాకరాదు. ఓర్పుతో వదలినచో ఆ ముడుతలే విప్పారి, పొర రెక్కపై గీతలలోనికి, బొడిపెలపైకి దిగి రంగుతోపాటు ఒకటగును. గాలిబుడగ మిగిలినచో సన్నని సూదితో పొడిచి మరల ద్రవము తాకింపవలెను. చివర వార్నిషు పూతతో మెరుపును తగ్గింపవలెను. చేతులు వణకు వయసున ఈ పనికి కూర్చున్నవారు గూడ రెండవ వారమునకు శ్వాసను పట్టి పని చేయుట నేర్తురు.

త్రివర్ణ వలయములను విదేశమునుండి తెప్పించుట వలన కాలమును ధనమును వ్యయమగును. దీనికి మందు మా జిల్లాయందే ఉన్న ఒక సంపద. బళ్లారి నగరము జీన్సు దుస్తుల తయారీకి పేరొందినది. దుస్తులపై పేర్లు, బొమ్మలు అచ్చువేయు స్క్రీన్ ప్రింటింగు చేతివాటము అచ్చటి కార్మికులకు గలదు. పెండ్లి పత్రికలను ముద్రించు చిన్న దుకాణములును అదే పద్ధతిని వాడుచున్నవి. పట్టువంటి సన్నని వలపై రంధ్రముల ద్వారా సిరాను ఒక్కొక్క రంగుగా దింపు ఈ విద్యయే డెకాలు ముద్రణకు పునాది. తెల్లసిరా ఇందులో గట్టిగా నిలుచును. కాషాయము, ఆకుపచ్చలు వెనుక రంగు కనబడకుండ వచ్చును. కావలసినది నీటిజిగురు కాగితము, పలుచని వార్నిషు, రంగులను కేంద్రము తప్పకుండ చేర్చు ఓపిక. ఏ పిల్లవానికైనను తన తాతయో తండ్రియో ఎక్కిన విమానపు నిజమైన చిహ్నమును మన ముద్రణశాలల నుండి అందింపగలిగిన దినము వచ్చునని ఆశించుట అత్యాశ కాదు.

నిజమైన విమానమును చూడగోరువారికి త్రోవలు కలవు. ఢిల్లీలో పాలం వాయుసేన ప్రదర్శనశాలలో మిగ్-25 నిలిచియున్నది, బెంగుళూరు హెచ్.ఎ.ఎల్. ప్రదర్శనశాలలో కాన్బెర్రా కలదు. విశాఖపట్నము రామకృష్ణా బీచియొడ్డున 2017 డిసెంబరులో ప్రారంభమైన తు-142 ప్రదర్శనశాల జెట్టు విమానమునకు సంబంధించినది కాదు, ప్రొపెల్లరులది. అయినను ఇరువదితొమ్మిదేండ్లు సముద్రమును పరికించి, 2017 మార్చి 29న తమిళనాడులోని అరక్కోణమున విరమించిన నిఘా విమానము. దాని లోపలికి ఎక్కి చూడవచ్చును. ప్రదర్శనశాలలు విమానములకు మరల రంగులు వేయుటలో అసలు కొలతలను, స్టెన్సిలులను వదలివేయుట కలదు. కనుక అచ్చట కనబడినదానిని సేవాకాలపు ఛాయాచిత్రముతో సరిచూచుకొనవలెను. తోకపై చారల ఎత్తును టేపుతో కొలిచి, ఎడమ కుడి వైపుల చిత్రములు తీసి, తేదీ వ్రాసి తెచ్చువారు ముందు తరమునకు గొప్ప సహాయము చేసినవారగుదురు.

చళ్లకెరెలో 2022 జులై 1వ తేదీన తోకలేని రెక్కరూపపు విమానమొకటి తనంత తాను లేచి, తిరిగి, దిగినది. చిన్న టర్బోఫ్యాన్ జెట్ ఇంజను గలది, చోదకుడు లేనిది. అంతకుమునుపు 2016 నవంబరులో అదే ప్రాంతమున రుస్తుం-2 అను చోదకుడులేని విమానము మొదటి సారి ఎగిరినది. వీనిని 72లో ఒక వంతున చేయబూనువానికి పాత పాఠము చాలదు. తోక లేనిచోట త్రివర్ణపు చారలు ఎచ్చట? గాజుకప్పు లేనిచోట అపాయ త్రికోణము ఎందులకు? సంఖ్య రెక్కపై వ్రాయుదురా, కడుపుక్రింద వ్రాయుదురా? ప్రభుత్వము ప్రకటించిన చిత్రములలో ఒక్కొక్కదానిని విడిగ తీసికొని, తేదీతో సహా భద్రపరచుట మేము ఇదివరకే ఆరంభించితిమి. కాన్బెర్రా విషయమున మనము ఆలస్యము చేసి చిత్రములకై వెదకుకొనవలసివచ్చినది, ఈ యంత్రముల విషయమున అవి ఎగురుచుండగనే మొదలుపెట్టుటకు వీలు చిక్కినది.